పోస్ట్‌డాక్ కొలువు నోటిఫికేషన్ కోసం చూస్తే రాదు.. అడగాలె

వరంగల్, జనగామ, యాదగిరిగుట్ట దిక్కుకెళ్లి పట్నం వచ్చేటోళ్లు చానామంది బస్సు దిగేది ఉప్పల్ రింగ్ రోడ్డు కాడనే. అక్కడ మెట్రో ఎక్కితే స్టేడియం దాటినంక వచ్చే స్టేషన్ పేరే ఎన్జీఆర్ఐ. భూమి పొరలు, భూకంపాలు, భూగర్భ జలాల మీద పరిశోధన చేసే ఈ సంస్థ 1961ల మొదలైంది. దానికి దగ్గర్లనే జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ ఉంటది. హబ్సిగూడ దాటి తార్నాకకు పోతే రసాయన శాస్త్రం మీద పనిచేసే ఐఐసీటీ, తిండి మీద పరిశోధన చేసే జాతీయ పోషకాహార సంస్థ, ఆ పక్కనే ఉస్మానియా యూనివర్సిటీ. ఉప్పల్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ. ఇంకో దిక్కు నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల మందుల కంపెనీల ల్యాబులు.

దేశంల ఇన్ని సైన్స్ ల్యాబులు ఇంత దగ్గర దగ్గర ఉన్న జాగలు తక్కువ. రోజూ ఆ తొవ్వల పోయేటోళ్లు వేలల్ల ఉంటరు. ఆ గేట్ల లోపట ఏం కొలువులుంటయి, అవి ఎట్ల దొరుకుతయి అన్నది మన ఊర్ల పిల్లలకు చెప్పేటోళ్లు మాత్రం తక్కువ. గ్రూప్స్ ఎట్ల రాయాల్నో, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు ఎట్ల ఉరకాల్నో ఊరూరికి ఎరుకే. పీహెచ్‌డీ అయినంక ఏం జేయాలె అంటే చెప్పే కోచింగ్ సెంటర్ ఒక్కటి లేదు. అందుకే ఈ ముచ్చట.

పోస్ట్‌డాక్ అంటే ఏంది?

ఎమ్మెస్సీ అయినంక నెట్ రాసి, జేఆర్ఎఫ్ తెచ్చుకొని, ఐదారేండ్లు కష్టపడి పీహెచ్‌డీ పూర్తి చేస్తరు. దాని తర్వాత, పర్మినెంట్ కొలువుకు ముందు, ఇంకో ల్యాబుల రెండు మూడేండ్లు చేసే పరిశోధన పనినే పోస్ట్‌డాక్ అంటరు. ఇది సదువు గాదు, డిగ్రీ రాదు. పర్మినెంట్ నౌకరి కూడా గాదు. గడువున్న పని. పీహెచ్‌డీల గైడ్ చూపిన తొవ్వల నడిచినోళ్లు, ఇక్కడ సొంత ప్రశ్న వేసుకొని, సొంతంగ పేపర్లు రాసి, 'నేను ఒక ల్యాబు నడపగలుగుత' అని చూపెట్టుకోవాలె. మన దగ్గరి సంస్థల నోటీసుల్ల 'పోస్ట్‌డాక్' అన్న మాట కంటే 'రీసెర్చ్ అసోసియేట్' అన్న మాటే ఎక్కువ కనవడ్తది. షార్టుగ ఆర్ఏ.

పైసల సంగతి చూద్దాం. కేంద్ర సర్కారు 2023 జనవరి 1 నుంచి రేట్లు పెంచింది. ఆర్ఏ మొదటి మెట్టుకు నెలకు రూ.58 వేలు, రెండో మెట్టుకు రూ.61 వేలు, మూడో మెట్టుకు రూ.67 వేలు. అంతకుముందు 2019 లెక్కల మొదటి మెట్టు రూ.47 వేలే. హాస్టల్ ఇయ్యకపోతే ఇంటి కిరాయి భత్యం అదనం. హైదరాబాద్ పెద్ద నగరాల జాబితాల ఉన్నది కాబట్టి 30 శాతం లెక్కన రూ.58 వేల మీద రూ.17,400 వస్తది. అంటే మొత్తం రూ.75,400. ఊర్ల చెప్తే 'మంచి జీతమే' అంటరు. కానీ దీంట్ల డీఏ లేదు, పెన్షన్ లేదు. ప్రాజెక్టు అయిపోతే కొలువు కూడా అయిపోతది.

చెల్లెండ్లకు ఒక మాట. ఈ ఫెలోషిప్ నిబంధనల్లనే ప్రసూతి సెలవు పూర్తి డబ్బులతోని ఇయ్యాలని రాసి ఉన్నది. అది ఎవరో దయ తలచి ఇచ్చేది కాదు, హక్కు. చేరేటప్పుడే అడిగి తెలుసుకోవాలె.

మూడు తొవ్వలు

మనకు నోటిఫికేషన్ అలవాటు. పేపర్ల పడ్తది, ఫీజు కడ్తం, పరీక్ష రాస్తం, ర్యాంకు చూసుకుంటం. పోస్ట్‌డాక్ అట్ల రాదు. దీనికి మూడు తొవ్వలున్నయి.

మొదటిది, పైసలు మనమే తెచ్చుకునుడు. సీఎస్ఐఆర్ నేరుగ ఇచ్చే రీసెర్చ్ అసోసియేట్‌షిప్, బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే డీబీటీ-ఆర్ఏ, నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ అసొంటివి. ఆఖరుది మొన్నటిదాక ఎస్ఈఆర్‌బీ నడిపింది. 2023 చట్టంతోని వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ల ఇప్పుడు ఎస్ఈఆర్‌బీ కలిసిపోయింది. ఇది రెండేండ్ల ఫెలోషిప్. వయసు 35 దాటొద్దు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఆడవాళ్లు, దివ్యాంగులకు ఐదేండ్ల సడలింపు ఉంటది. ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధన చేసేటోళ్లకు ఇండియా అలయన్స్ ఐదేండ్ల ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఇస్తది. పోటీ గట్టిగ ఉంటది. దాని ఆఫీసు మన హైదరాబాద్‌లనే ఉన్నది.

వీటిల్ల ఒక మతలబు ఉన్నది. చానా ఫెలోషిప్‌లకు అప్లికేషన్ పెట్టేనాటికే, ఏ ల్యాబుల చేస్తమో ఆ సైంటిస్టు ఒప్పుకోవాలె, సంస్థ సంతకం పెట్టాలె. అంటే నోటిఫికేషన్ పడ్డనాడు వెతుకుడు మొదలుపెడితే గడువు అయిపోతది. నోటిఫికేషన్ కంటే ముందే మనిషిని వెతుక్కోవాలె.

రెండోది, ప్రాజెక్టు పైసలు. ఒక సైంటిస్టుకో ప్రొఫెసర్‌కో సర్కారు ప్రాజెక్టు ఇస్తది. అండ్ల ఒక ఆర్ఏ పోస్టు ఉంటది. నోటీసు ఆ సంస్థ వెబ్‌సైట్‌ల పెడ్తరు. వారం, పది, పదిహేను రోజుల గడువు. కొన్ని నేరుగ ఇంటర్వ్యూలే. టీవీల చెప్పరు, పెద్ద అక్షరాలతో యాడ్ రాదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్జీఆర్ఐ, సీడీఎఫ్‌డీ, పోషకాహార సంస్థ, ఉస్మానియా, గచ్చిబౌలి కాడి సెంట్రల్ యూనివర్సిటీ.. ఈ వెబ్‌సైట్ల కొలువుల పేజీలను వారానికోసారి చూసుడే దీనికి మందు. ఫోన్ల రీల్స్ చూసే టైంల పావుగంట చాలు.

మూడోది, నేరుగ మెయిల్ పెట్టి అడుగుడు. మనోళ్లు జంకేది ఇక్కడనే. 'అంత పెద్ద సైంటిస్టుకు నేను మెయిల్ పెట్టుడేంది' అని. కానీ దేశంల అయినా బయట అయినా పోస్ట్‌డాక్ కొలువులు మస్తుగ దొరికేది ఇట్లనే. సైంటిస్టు ఇంట్ల పుట్టిన పిల్లగానికి, పెద్ద సంస్థల పీహెచ్‌డీ చేసినోనికి ఈ సంగతి టీ తాగుకుంటనే తెలుస్తది. మన పిల్లలకు తెల్వక, అడుగుడు తప్పేమో అనుకుంటరు. తప్పు గాదు. పద్ధతే అది.

మెయిల్ ఎట్ల రాయాలె?

ఇంగ్లిష్ మస్తుగ రావాలని ఏం లేదు. చిన్న వాక్యాలు, తప్పుల్లేకుంట ఉంటే చాలు. ఐదు ముక్కలు ఉండాలె. మొదటిది: నేను ఎవరు, ఏడ పీహెచ్‌డీ, ఎప్పుడు అయిపోతది. రెండోది: నా పనిల తేలిందేంది, రెండు మాటల్ల. మూడోది: నాకు చేతనైన పని. ఏ మిషన్ నడుపుత, ఏ పద్ధతి వచ్చు, ఏ ప్రోగ్రామింగ్ వచ్చు. నాలుగోది: మీరు ఈ మధ్య రాసిన ఫలానా పేపర్ చదివిన, అండ్ల ఈ ప్రశ్న మిగిలింది, దాని మీద నేను ఇట్ల పనిచేయాలనుకుంటున్న. ఐదోది: ఎప్పుడు చేరగలుగుత, నా గురించి ఎవరు చెప్తరు.

ఈ నాలుగో ముక్కనే అసలుది. అది లేని మెయిల్ పెండ్లి కార్డు లెక్క ఉంటది. ఎవరి పేరు రాసినా నడుస్తది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకటే మెయిల్ రెండొందల మందికి కొట్టే కంటే, పది మంది పేపర్లు కూసోని చదివి పది మందికి రాసుడు మేలు. జవాబు రాకపోతే రెండు వారాలకు ఇంకోసారి మర్యాదగ గుర్తు చేయొచ్చు. అప్పటికీ రాకపోతే మనసుకు తీసుకోవద్దు. వాళ్లకాడ ప్రాజెక్టు పైసలు లేకపోవచ్చు.

సిఫారసు లేఖల ముచ్చట కూడా ముందే ఆలోచించాలె. చానా చోట్ల ముగ్గురి పేర్లు అడుగుతరు. గైడ్ ఒకరు. మిగతా ఇద్దరు మన పని కండ్లార చూసినోళ్లు కావాలె. పెద్ద పేరున్నోళ్లు మనల్ని ఎరుగకపోతే వాళ్ల లేఖ అక్కరకు రాదు. పీహెచ్‌డీ మధ్యలనే వేరే ల్యాబుతోని కలిసి పనిచేసుడు, సెమినార్ల లేచి ప్రశ్న అడుగుడు ఇందుకే పనికొస్తయి. ఇదంతా థీసిస్ ఇచ్చినంక కాదు, ఇచ్చేకంటే కనీసం ఎనిమిది పది నెలల ముందే మొదలుపెట్టాలె.

వయసు లెక్క ముందే కట్టుకోవాలె

ఎవరూ చెప్పని లెక్క ఇది. మన ఊరి పిల్ల ఒకరు 23 ఏండ్లకు ఎమ్మెస్సీ చేసింది అనుకుందాం. నెట్ కోసం రెండేండ్లు. పీహెచ్‌డీ ఆరేండ్లు. అంటే 31. రెండేండ్లు పోస్ట్‌డాక్ చేస్తే 33.

ఇప్పుడు కొలువుల దిక్కు చూడుండ్రి. సీఎస్ఐఆర్ సంస్థల్ల మొదటి మెట్టు 'సైంటిస్ట్' పోస్టుకు గరిష్ఠ వయసు 32. ఓబీసీలకు మూడేండ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేండ్ల సడలింపు. అంటే ఓబీసీకి 35, ఎస్సీ, ఎస్టీకి 37. పోస్ట్‌డాక్‌కు 35 దాక రానిచ్చి, దాని తర్వాతి కొలువుకు 32కే గేటు వేసుడు ఎంత అన్యాయమో లెక్క చూస్తేనే తెలుస్తది. సీనియర్ సైంటిస్ట్ పోస్టుకు 37 దాక ఉన్నది గని అండ్ల అనుభవం ఎక్కువ అడుగుతరు, పోస్టులు తక్కువ.

యూనివర్సిటీ దిక్కు వేరే లెక్క. యూజీసీ నిబంధనల్ల అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు గరిష్ఠ వయసు అని లేదు. యూనివర్సిటీల్ల ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు మార్కులు ఎట్ల వేయాల్నో 2018 నిబంధనల్ల పట్టిక ఉన్నది. అండ్ల పీహెచ్‌డీకి 30 మార్కులు. పేపర్‌కు రెండు చొప్పున 10 దాక. టీచింగ్ అయినా పోస్ట్‌డాక్ అయినా ఏడాదికి రెండు చొప్పున 10 దాక. అంటే ఐదేండ్లు దాటినంక పోస్ట్‌డాక్‌కు ఒక్క మార్కు పెరగది. పదేండ్లు చేసినా పదే మార్కులు. ఆ మార్కులు కూడ ఇంటర్వ్యూకు పిలిచే దాకనే.

అందుకే మొదటి పోస్ట్‌డాక్‌ల చేరేనాడే ఒక తారీఖు రాసి పెట్టుకోవాలె. ఫలానా ఏడాది దాక చూస్త, అప్పటికి కొలువు రాకపోతే ఇంకో తొవ్వ పడ్త అని. ఆ తారీఖు లేకపోతే ఒక ప్రాజెక్టు తర్వాత ఇంకో ప్రాజెక్టు, చూస్తుండంగనే నలభై ఏండ్లు వస్తయి. ఇంట్ల అమ్మానాయినలకు కూడా ఈ లెక్క ముందే చెప్పాలె. 'పీహెచ్‌డీ అయింది గదా, ఇంకా పర్మినెంట్ కాలేదా' అని అడిగేటోళ్ల తప్పు లేదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాగితాల కాడ కూడా పైలం. సడలింపు కావాల్నంటే కేంద్ర సర్కారు నమూనాల ఓబీసీ సర్టిఫికెట్, నాన్ క్రీమీలేయర్‌తోని ఉండాలె. రాష్ట్రంల తీసుకున్న బీసీ సర్టిఫికెట్ అక్కడ నడవది. గడువుకు రెండు రోజుల ముందు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే కంటే ముందే తీసి పెట్టుకోవాలె.

నాచారం దిక్కు పోవుడు ఓడిపోవుడు గాదు

యూనివర్సిటీ కొలువు రాకపోతే అంతా అయిపోయిందని చానామంది అనుకుంటరు. ల్యాబుల పనిచేసి కంపెనీకి పోతే దిగజారినట్టు మాట్లాడుతరు. చరిత్ర చూస్తే అట్ల అనిపించది.

భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923ల అమెరికా పోయిండు. రక్తంల, మూత్రంల ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తోని కలిసి 1925ల చెప్పిండు. అది నేటికీ ఆ ఇద్దరి పేర్ల మీదనే నడుస్తది. హార్వర్డ్‌ల ఏండ్లకేండ్లు పనిచేసినా పర్మినెంట్ కొలువు ఇయ్యలేదు. 1940ల లెడర్లీ అన్న మందుల కంపెనీకి పోయిండు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్ ఆయన నడిపిన ఆ కంపెనీ ల్యాబుల్ల నుంచే వచ్చినయి.

మన తొవ్వలనే ఇంకో మనిషి ఉన్నడు. గుంటూరుల పుట్టిన ఏవీ రామారావు. పుణె నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీల పనిచేసి, 1970లల్ల హార్వర్డ్ పోయి ఈ.జే. కోరీ కాడ పనిచేసిండు. ఆ కోరీకి 1990ల కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 1985ల తార్నాక ల్యాబుకు డైరెక్టర్‌గ వచ్చిండు. ఎయిడ్స్‌కు వాడే ఏజడ్‌టీ మందును మన దేశంల తయారు చేసే పద్ధతి ఆ ల్యాబులనే తేలింది, సిప్లా కంపెనీ దాన్ని మార్కెట్‌కు తెచ్చింది. 1995ల రిటైర్ అయినంక సొంతంగ అవ్రా ల్యాబొరేటరీస్ పెట్టిండు. అది కూడా ఈ హబ్సిగూడ, నాచారం పట్టునే. సర్కారు ల్యాబు నుంచి కంపెనీ దాక ఉన్న దూరం నాలుగు కిలోమీటర్లే అని ఆయన బతుకే చెప్తది.

నాచారం, మల్లాపూర్‌ల ఉన్నయి చానావరకు కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు. బయటి దేశాల మందుల కంపెనీలకు కావాల్సిన అణువులను ఇక్కడ తయారు చేసిస్తయి. జీవీకే బయో అని పేరుండి 2021ల అరాజెన్ అయిన కంపెనీ నాచారంల ఉన్నదే. కెమిస్ట్రీల పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేసినోళ్లకు ఇక్కడ పని ఉంటది. తేడా ఏందంటే, అక్కడ ప్రశ్న మనది కాదు, క్లయింట్‌ది. పేపర్లు రాసుడు తక్కువ. పీఎఫ్ ఉంటది, ప్రమోషన్ ఉంటది. ఏది కావాల్నో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలె. కానీ ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అనే మాట మాత్రం పక్కకు పెట్టాలె.

బయటి దేశం పోతే?

యూరప్‌ల మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌లకు ఏ దేశమోళ్లయినా పెట్టుకోవచ్చు. పీహెచ్‌డీ అయినంక పరిశోధన అనుభవం ఎనిమిదేండ్లు దాటొద్దు. పోయే దేశంల గడిచిన మూడేండ్లల్ల ఏడాది కంటే ఎక్కువ ఉండి ఉండొద్దు. ఊరి నుంచి నేరుగ పోయేటోళ్లకు ఈ షరతు అడ్డమే కాదు. దీనికి కూడా ముందే అక్కడి ప్రొఫెసర్‌ను ఒప్పించుకోవాలె.

అమెరికాల యూనివర్సిటీలు పోస్ట్‌డాక్‌లను జే-1 వీసా మీద ఎక్కువ పిలుస్తయి. అది ఐదేండ్ల దాకనే. 2025 సెప్టెంబర్‌ల కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు అని అక్కడి సర్కారు ప్రకటించింది. అందుకే పోయే ముందు ఏ వీసా ఇస్తున్నరో రాతపూర్వకంగ అడగాలె.

పోస్టు ఇప్పిస్త, లెటర్ ఇప్పిస్త అని పైసలు అడిగేటోళ్లు ఎవరైనా మోసగాళ్లే. పైసలు తీసుకొని వారంల పేపర్ అచ్చేసే జర్నళ్లు కూడా అట్లనే. యూజీసీ 2025 ఫిబ్రవరిల తన కేర్ జాబితాను ఎత్తేసింది. ఇగ మంచి జర్నల్ ఏదో, దొంగ జర్నల్ ఏదో మనమే చూసుకోవాలె. దొంగ జర్నల్‌ల వేసిన పేపర్ ఇంటర్వ్యూల మన మీదికే వస్తది.

సర్కారు చేయాల్సినవి

పిల్లలకు జాగ్రత్తలు చెప్తే సరిపోదు. 2018ల దేశమంతా రీసెర్చ్ స్కాలర్లు రోడ్డెక్కితేనే 2019ల ఫెలోషిప్ పెరిగింది. ప్రతిసారి లొల్లి చేస్తేనే పెంచుడు కాకుంట, ఏటా ధరలతోని పాటు పెరిగే పద్ధతి పెట్టాలె. డబ్బులు నెల నెలా అందాలె. కిరాయి కట్టేటోనికి ఆర్నెల్లకోసారి వచ్చే ఫెలోషిప్ ఏం అక్కరకొస్తది? 32 ఏండ్ల గేటును పోస్ట్‌డాక్ చేసినోళ్ల కోసం సడలించాలె. రాష్ట్రంల యూనివర్సిటీల ఖాళీలు ఏండ్ల సంది నింపకుంట పోస్ట్‌డాక్‌లు చేయుండ్రి అంటే, మెట్లు కట్టి మీద ఇల్లు కట్టనట్టు ఉంటది.

డిగ్రీ, పీజీ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఇప్పటి సంది చేయగలిగేది ఒకటున్నది. సెప్టెంబర్ 26న సీఎస్ఐఆర్ స్థాపన దినం. ఆ పట్టున సంస్థలు విద్యార్థుల కోసం గేట్లు తెరుస్తయి. ఫిబ్రవరి 28 సైన్స్ దినానికి కూడా చానా చోట్ల రానిస్తరు. ఒక్కసారి లోపటికి పోయి, తెల్లకోటు వేసుకున్న పీహెచ్‌డీ పిల్లలతోని తెలుగుల మాట్లాడుండ్రి. ఏం చేస్తున్నరు, ఇక్కడికి ఎట్ల వచ్చిన్రు, తర్వాత ఏం చేస్తరు అని అడుగుండ్రి. అండ్ల ఎవరో ఒకరు మన పక్క మండలపోళ్లే ఉండొచ్చు.